ఎన్ని వాట్లు కావాలి?

“ముందు ఆ పవర్ సప్లైని చేత్తో పట్టుకుని చూడు. ఎంత బరువుంది?” అని టైపు చేశాడు పాత ఫ్యూజు.

“అరకిలో ఉంటుందేమో సార్” అని జవాబొచ్చింది.

“అయితే తిరిగిచ్చెయ్. అందులో సగం గాలి, సగం అబద్ధం.”

పాత ఫ్యూజు అన్నది ఇంటర్నెట్లో ఓ కంప్యూటర్ల ఫోరంలో ఆయన పెట్టుకున్న పేరు. ముప్పై మూడేళ్లు సబ్‌స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి, ఆ సంగతి అక్కడ రాసుకున్నాడు కూడా. సొంతంగా కంప్యూటర్ బిగించుకునేవాళ్లు ఆ ఫోరంలో సందేహాలు అడుగుతుంటారు. కంప్యూటర్‌లో అన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై మాటెత్తితే చాలు, ఆయనకు పూనకం వచ్చేస్తుంది.

ఇంట్లో మాత్రం నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. కొడుకుది ఊళ్లు తిరిగే ఉద్యోగం. కోడలు మేడమీద గదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంది. “వడ్డించాను మామయ్యా” అంటుంది. “ఊఁ” అంటాడు. రెండేళ్లుగా వాళ్ల సంభాషణ అంతే.

ఈమధ్య ఫోరంలో చిట్టెలుక అనే పేరుతో ఎవరో ఆయనకు తగులుకున్నారు. ఆ అరకిలో సరుకు కొన్నది ఆ చిట్టెలుకే. కాలేజీ కుర్రాడై ఉంటాడని ఈయన అనుకున్నాడు.

“డబ్బా మీద ఏడువందల యాభై వాట్లని ఉంది కదా సార్?”

“డబ్బా మీద ఏమైనా రాస్తారు. లేబుల్లో పన్నెండు వోల్టుల గడి చూడు. ఎన్ని ఆంపియర్లు?”

“ఇరవై.”

“పన్నెండు ఇరవైలు?”

“రెండొందల నలభై వాట్లేనా... అమ్మో!”

“నీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మిగతావన్నీ కలిపితే నాలుగొందల దాకా లాగుతాయి. మంచి కంపెనీది ఆరొందల వాట్లది తీసుకో. వేరేవి పోతే ఒంటరిగా పోతాయి. ఇది పోతే అన్నిటినీ వెంటేసుకుని పోతుంది అబ్బాయ్.”

“అయితే ఏకంగా వెయ్యి వాట్లది కొనేస్తే?”

“ఇద్దరికి వండటానికి గుండిగ ఎందుకు?”

చిట్టెలుక ఓ పట్టాన ఒప్పుకునే రకం కాదు. వాదన నాలుగు రోజులు నడిచింది. ఆ వేడిలో ఆయనకు ఆకలే తెలియలేదు. “చల్లారిపోతోంది మామయ్యా” అని కోడలు రెండుసార్లు పిలిస్తే గానీ లేవలేదు. తినొచ్చి చూస్తే కొత్త ప్రశ్నేమీ లేదు. వాడూ తింటున్నాడు కాబోలు అనుకున్నాడు.

ఒకరోజు ఉన్నట్టుండి వేరే ప్రశ్న వచ్చింది.

“ఇన్ని సంగతులు తెలుసు కదా, మీ ఇంట్లోవాళ్లకి చెప్పరా సార్?”

ఆయన టైపు చేశాడు. “మా కోడలుంది. బంగారంలాంటి పిల్ల. కానీ ఈ వైర్ల గోల ఆ పిల్లకేం పడుతుంది? ఇంకేం మాట్లాడాలో నాకు తెలీదు. అందుకే నోరు మూసుకుంటాను.”



శనివారం పొద్దున్నే ఫోనులో చిట్టెలుక మెసేజ్ వచ్చింది.

“కొత్త పవర్ సప్లై బిగించాను. ఆన్ కావట్లేదు సార్. ఆరు నెలలుగా ఒక్కొక్కటీ ఏరుకుని కొన్నాను. అన్నీ కాలిపోయాయా? ఏడుపొస్తోంది.”

ఆయన గబగబా టైపు చేశాడు. కొనమన్నది తనే మరి.

“కాలిన వాసన వచ్చిందా?”

“లేదు.”

“అయితే బతికే ఉంది. వెనకాల స్విచ్చి?”

“వేశాను.”

“ప్రాసెసర్ పక్కన ఎనిమిది పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి వైరు పెట్టావా?”

అయిదు నిమిషాలు గడిచాయి. పది నిమిషాలు. ఆయన ఫోను పట్టుకుని హాల్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

ఫోను టింగుమంది. కళ్లజోడు సవరించుకుని చూశాడు.

“ఆన్ అయింది మామయ్యా, ఒక్కసారి మేడమీదకి వచ్చి చూడండి.”