తొమ్మిదో నంబరు గోల

"ఈ తొమ్మిదో నంబరు వాళ్లకి పనీపాటా ఏమీ లేదా?" అని మేధావి కంప్యూటర్ మీద విరుచుకుపడ్డాడు.

మేధావి ఆయన అసలు పేరు కాదు. ఆఫీసువాళ్లు చాటుగా పెట్టిన పేరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అది వెక్కిరింత అని మాత్రం తెలియదు.

ఊళ్లో మూడువందల లిఫ్టుల్లో నంబర్లు వేసిన ఎర్ర మీటల పెట్టెలు పెట్టింది ఆయన పనిచేసే కంపెనీయే. లోపల ఇరుక్కున్నవాళ్లు మీట నొక్కితే సర్వర్‌కి మెసేజ్ వస్తుంది. అక్కడ హ్యాండ్లర్లనే చిన్న చిన్న ప్రోగ్రాములు వరసగా నిలబడి ఉంటాయి, ఇటుకలు అందించుకునే కూలీల్లాగా. ఒకటి మెసేజ్ విప్పుతుంది. ఒకటి నంబరు చూస్తుంది. ఆఖరిది పక్క గదిలో గంట మోగిస్తుంది. ఆ గదివాళ్లు అడ్రసు చూసి మెకానిక్‌ని పరిగెత్తిస్తారు; ఏ నంబరు ఎక్కడిదో ఈ గదిలో ఎవరికీ తెలియదు. మధ్యలో ఏ ఒక్కటి చేతులు ముడుచుకున్నా ఇటుక అక్కడితో ఆగిపోతుంది.

ఆ వరసంతా మేధావి కట్టిందే. దాన్ని చెడగొట్టడానికే తొమ్మిదో నంబరు పుట్టిందని ఆయన ఏడుపు. నెల రోజులుగా రోజుకి ఏడెనిమిది సార్లు మోగుతోంది. తీరా మెకానిక్ వెళ్లేసరికి లిఫ్టు బుద్ధిగా నడుస్తుంటుంది.

"చదువూ సంధ్యా లేని గుంపు ఉండే కొంప అయ్యుంటుంది. పిల్లల చేత మీట నొక్కించి మురిసిపోతుంటారు వెధవలు!"

జనమంటే ఆయనకి మొదటినుంచీ చిన్నచూపే. టీలో చక్కెర వేసుకునేవాళ్లంటే లోకువ. రోజూ అయిదంతస్తులు మెట్లెక్కి వస్తాడు కాబట్టి ఎక్కనివాళ్లంటే లోకువ. సొంత బావమరిది ఫోన్ చేస్తే రెండో మోతకే కట్ చేసి, "వీడి మొహానికి నాతో మాటలొకటి" అంటాడు.

ఆ రోజు మాత్రం ఆయనకి కాళ్లూ చేతులూ ఆడటంలేదు. పెద్దాఫీసు నుంచి డైరెక్టర్ మేడం పదకొండింటికి వస్తున్నారు. పని చూసి, నచ్చితే ఈయన్ని సెక్షన్‌కి హెడ్‌ని చేసి పన్నెండున్నరకి బయల్దేరిపోతారు. మూడేళ్లుగా ఆ కుర్చీ మీదే ఆయన కళ్లన్నీ. ఆవిడ ఉన్నంతసేపూ గంట మోగకూడదు. మోగితే పరువేం కాను?

అందుకే పొద్దున్నే ఒక కొత్త హ్యాండ్లర్ రాశాడు. పట్టుమని పది లైన్లు లేవు. తొమ్మిదో నంబరు నుంచి ఏమొచ్చినా మింగేస్తుంది, ముందుకి పంపదు. నొక్కినవాళ్లు ఊరుకోవాలి కదా, వాళ్లకి మాత్రం "మీ పిలుపు అందింది, సాయం వస్తోంది, ఆగండి" అని రికార్డు వినిపిస్తుంది.

"ఎలా ఉంది?" అని టెస్టింగ్ చేసే అమ్మాయిని అడిగాడు.

"అబద్ధం చెప్తున్నట్టుంది కదా సార్. నిజంగా ఎవరైనా ఇరుక్కుంటే? లోపల ఫోన్లు కూడా పని చెయ్యవు."

"తొమ్మిదో నంబరు మొహాలకి నిజం కూడానా!"

"పోనీ అది ఏ బిల్డింగో పక్క గదిలో కనుక్కుని వస్తాను. ఒక్క నిమిషం సార్."

"ఏ కొంపైతే నీకెందుకమ్మా? ఊరందరి బాధా నీకే కావాలి. కూర్చో."

పదిన్నరకి హ్యాండ్లర్‌ని వరసలో నిలబెట్టేశాడు. పక్క గది సద్దుమణిగింది. మేధావి చొక్కా సర్దుకుని కూర్చున్నాడు.

పదకొండయింది. మేడం రాలేదు. ఫోన్ చేస్తే అందుబాటులో లేరంది.

"చూశావా పెద్దవాళ్ల పెద్దరికం! ఫోన్ కట్టేసి ఏ దుకాణంలోనో బేరాలాడుతుంటుంది."

పదకొండున్నరకి టీ తాత రొప్పుతూ వచ్చాడు. గ్లాసుల్లో టీ చల్లారిపోయింది.

"సార్, కింద..."

"కిందా లేదు, మీదా లేదు. చేసిన ఆలస్యానికి కథలొకటి! ఆ గ్లాసులు అక్కడ పెట్టి వెళ్లు."

తాత గ్లాసులు పెట్టి వెళ్లిపోయాడు.

"సార్," అంది అమ్మాయి తెర చూస్తూ, "తొమ్మిదో నంబరులో నొక్కుతూనే ఉన్నారు. ఇప్పటికి అరవై రెండు సార్లు. నాకెందుకో భయంగా ఉంది."

"నొక్కనీ. వేలు నొప్పెడితే వాళ్లే మానుకుంటారు."

పైకి అలా అన్నాడు గానీ ఆయన చూపంతా గడియారం మీదే. పన్నెండయింది. మూడేళ్ల ఆశ కళ్లముందే జారిపోతోంది. ఏడుపొచ్చినంత పనయింది. ఏడవడం చేతకాక, అలవాటైన విద్యనే నమ్ముకున్నాడు. మేడం ఫోన్‌కి మెసేజ్ కొట్టాడు: "టైము విలువ తెలియని మీకు నా పనిని తూచే అర్హత లేదు."

"సార్, వద్దు సార్!" అంది అమ్మాయి.

"ఏం, భయమా? మాట పడటం నీకు అలవాటేమో, నాకు కాదు." టపీమని పంపేశాడు.

తెర మీద తొమ్మిదో నంబరు లెక్క నూటపన్నెండు దాటింది. కాసేపటికి అది కూడా ఆగింది.

"చెప్పానా, వేలు నొప్పెట్టుంటుంది," అని మేధావి నవ్వాడు.

పన్నెండూ ఇరవైకి టీ తాత మళ్లీ వచ్చాడు, ఈసారి చేతిలో గ్లాసులు లేవు.

"మళ్లీ ఏంటయ్యా నీ గోల?"

"సార్, మీకోసం వచ్చిన మేడం గారు గంటన్నర నుంచి మన లిఫ్టులోనే ఇరుక్కుపోయి ఉన్నారంట, మీట నొక్కినప్పుడల్లా అందులోని ఆ తొమ్మిదో నంబరు పెట్టె 'సాయం వస్తోంది, ఆగండి' అంటోందంట!"