గేటు మీది పేరు

"ఇలాంటి మనిషే లేడు," అన్నాడు కెంజెబెక్, ఫైలు మూసి బల్ల మీద పెడుతూ.

"ఇరవై ఏళ్లుగా గేటు మీద ఆయన పేరే ఉంది. ఇవాళొచ్చి లేడంటావా?" అంది ప్రిన్సిపాల్ జీదే.

"జనాభా లెక్కల్లో లేడు. సైన్యం జాబితాల్లో లేడు. టీచరు చదువు చదివినవాళ్లలో లేడు. అక్‌జిగిత్ అన్నవాడు మన కాలేజీ ఉత్తరాల్లో తప్ప ఇంకెక్కడా లేడక్కా."

కాలేజీకి యాభై ఏళ్లు నిండుతున్నాయి. స్థాపకుడి జీవిత చరిత్ర రాయమని పాత కాగితాల గది చూసే కెంజెబెక్‌కే అప్పగించారు. రాయబోయి ఇది తవ్వుకున్నాడు. రేపు జిల్లా నుంచి పెద్దలు వస్తారు. ఋజువు లేకపోతే గేటు మీది పేరు తీసేస్తారు.

తీయించడం అతనికీ ఇష్టం లేదు. చదువుకోవడానికి వాళ్లమ్మని కొండ మీది గుడారం నుంచి ఈ కాలేజీకి గుర్రం మీద తీసుకొచ్చింది ఆ మనిషే. ఆమె చనిపోయేదాకా ఆయన్ని 'మాస్టారు' అనే అంది. లోయలో ఎవరూ వేరే పేరుతో పిలవలేదు. అక్‌జిగిత్, అంటే 'తెల్లని కుర్రాడు', అన్న పేరు తెలిసింది ఉత్తరాల వల్లే.

ఆ ఉత్తరాలు అతనికి కంఠతా వచ్చు. "మీ అమ్మాయిని పంపండి. గుర్రం మీరు ఇవ్వక్కర్లేదు, మీ దగ్గరికి అక్‌జిగిత్ వస్తాడు. దారిలో పిల్లకి చలేస్తే తన కోటు ఇస్తాడు. చదువు వద్దని పిల్ల తనే అంటే మళ్లీ దింపి వెళ్తాడు." ఇంకొకటి విద్యాశాఖకి. "కిటికీలకి గొర్రె పొట్టపొర అతికించాం. వెలుగు వస్తోంది, అక్షరం కనిపించడం లేదు. గాజు కావాలి. పంపకపోతే అక్‌జిగితే వచ్చి మోసుకెళ్తాడు." అలా రాయగలిగిన మనిషి లేడని చెప్పడానికి అతనికి మనసొప్పలేదు.

ఆ కాలపు మనుషుల్లో ఒక్కరే మిగిలారు, అప్పటి గుమస్తా బురుల్. మాస్టారు పోయాక ఆమె పుట్టింటి లోయకి వెళ్లిపోయింది. వెతికి జీపులో తీసుకొచ్చారు. అక్కడి ముసలమ్మలు చుట్టుకునే తెల్లటి తలపాగా, చేతికర్ర. కూర్చుంటూనే టీ గిన్నెలోకి చూసింది.

"నిండుగా పోశారే. తాగేసి తొందరగా వెళ్లిపొమ్మనా?"

జీదే నాలిక కరుచుకుని గిన్నె మార్చి సగమే పోసింది.

"ఈ ఉత్తరాలన్నీ మీ చేతివేగా, అమ్మా?" అన్నాడు కెంజెబెక్.

"నావే. ఆయనకి కుడిచేతి వేళ్లు లేవు. ఇటు వచ్చేటప్పుడే కనుమలో మంచుకి పోయాయి. ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని, ఆయన ముద్ర వేసేవారు."

"మీరు ఎప్పుడు చేరారు?"

"ఆయన వచ్చినరోజే."

"ఎలాంటివారు?"

"మొండి. పొయ్యి కోసం తన జీను ఇచ్చేశారు. ఆ చలికాలమంతా వట్టి గుర్రం వీపు మీదే తిరిగారు. పిల్లలు నవ్వితే ఆయన ఇంకా గట్టిగా నవ్వేవారు. మూడో ఏడు గాజు కోసం వెళ్లారు. గుర్రం ఒక్కటే వచ్చింది. దాని మీద రెండు గాజు పలకలు. ఆయన కోటులో చుట్టి ఉన్నాయి. చిన్న పగులు కూడా లేదు."

జీదే కళ్లు తుడుచుకుంది. కెంజెబెక్ తుడుచుకోలేదు. ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు.

"ఇది అప్పట్లో తాష్కెంట్ విద్యాశాఖ నుంచి వచ్చింది. 'మేము పంపిన బెయ్‌షెన్ చేరాడా?' అని అడిగారు."

ముసలామె చటుక్కున తల దించుకుంది. తలపాగా అంచు మొహం మీదికి లాక్కుంది.

అది అతను చూశాడు. ఇంకో కాగితం తీశాడు.

"దానికి మీ జవాబు. 'మీరు పంపిన మనిషి క్షేమంగా చేరాడు.' పేరు రాయలేదు. ఆ తర్వాత ఒక్క కాగితంలోనూ బెయ్‌షెన్ లేడు. అన్నింట్లో అక్‌జిగితే. ప్రభుత్వం పంపింది ఒకణ్ణి, కుర్చీలో కూర్చుంది ఇంకొకడు. జీతం తీసుకుందీ వాడే."

"కెంజెబెక్!" అంది జీదే.

"ఆగక్కా. రేపు వాళ్లు అడిగేదీ ఇదే. అమ్మా, కనుమలో ఏం జరిగింది? బెయ్‌షెన్‌ని ఏం చేశారు?"

"ఆ పేరు అన్నిసార్లు అనకు, నాయనా."

"ఎందుకు? భయమా?"

"పెళ్లివారికి పోసినట్టు టీ పోశారు. ఇప్పుడేమో పోలీసులా అడుగుతున్నావు." ఆమె గొంతులో కోపం లేదు. "మీ అమ్మని నేనెరుగుదును. ఆ కోటు కప్పుకుని వచ్చింది. ఎంత వణికినా తిరిగి వెళ్తానని అనలేదు. నీకూ ఆ మొండితనమే వచ్చింది."

"మా అమ్మ నమ్మిన మనిషి దొంగో కాదో చెప్పండి. నాకు అదొక్కటే కావాలి."

"దొంగ కాదు."

"మరి బెయ్‌షెన్ ఎక్కడ?"

"కనుమ కింద, మంచులో. గాజు తెస్తూ పోయారు."

కెంజెబెక్ చేతిలోని కాగితం బల్ల మీద పెట్టాడు.

"గాజు తెచ్చింది అక్‌జిగిత్ కదా."

"ఇద్దరూ ఒకరే."

"ఒకరే అయితే ఇన్ని కాగితాల్లో ఒక్కదాంట్లోనైనా అసలు పేరు ఎందుకు రాయలేదమ్మా?"

ఆమె అతన్ని జాలిగా చూసింది.

"మొగుడి పేరు ఎలా రాస్తాను?"