ఫైనల్ నాటి స్టాఫ్ రూమ్

"ఆరంటే ఆరు మార్కులమ్మా. వేస్తే మీ సొమ్మేం పోయింది?" అన్నాడు ప్రిన్సిపాల్.

హిస్టరీ మేడమ్ పేపరు తీసి ఆయన ముందు పెట్టింది. ఫుట్‌బాల్ కెప్టెన్ రాసిన పరీక్ష పేపరది. ఎనిమిది పేజీల నిండా కోడిగీతలే. ఓడిన రాజును గెలిపించాడు. యుద్ధంలో చచ్చిపోయినవాడి చేత సంధి పత్రం మీద సంతకం పెట్టించాడు. ఎంత ధారాళంగా మార్కులేసి దిద్దినా ఇరవై తొమ్మిది దాటలేదు. పాసవ్వాలంటే ముప్పై ఐదు రావాలి. ఒక్క సబ్జెక్టు పోయినా మ్యాచ్ ఆడకూడదన్నది కాలేజీ తనకు తాను పెట్టుకున్న నిబంధన. ఫైనల్ చూస్తే శనివారమే.

ప్రిన్సిపాల్ ఆ పేపరు వంక కన్నెత్తి చూడలేదు. "మిగతా ఐదు సబ్జెక్టుల సార్లూ అరవైకి తగ్గకుండా వేశారు. వాళ్లకు లేని పట్టింపు మీకెందుకు?"

"వాళ్ల పేపర్ల సంగతి నాకు తెలీదు సార్. ఇది మాత్రం నేను చదివాను."

కప్పు గెలిస్తే మైదానం చుట్టూ గ్యాలరీ కట్టిస్తానని ఒక పెద్దమనిషి మాటిచ్చాడని, ఆ మాట నీళ్లపాలైతే బాధ్యత ఆమెదేనని ఆయన చెప్పుకొచ్చాడు. లైబ్రరీ పైకప్పు కారుతోందని, పుస్తకాల మధ్య బకెట్లు పెట్టుకుంటున్నామని ఆమె గుర్తు చేసింది. పైకప్పు బాగుచేయించినంత మాత్రాన ఎవరూ ఫొటోలు తియ్యరని ఆయన విసుక్కున్నాడు. మేడమ్ పేపరు మడిచి సంచిలో పెట్టుకుని బయటికొచ్చేసింది.

సాయంత్రానికల్లా కాలేజీ అంతా గుప్పుమంది. ఎప్పుడూ ఉప్పూ నిప్పూగా ఉండే రెండు విద్యార్థి సంఘాలు, ఆమెను తిట్టడానికి మాత్రం ఒకే మైకు పంచుకున్నాయి. అంత ఐకమత్యం ఫీజుల మీద చూపించి ఉంటే ఎంత బాగుండేదో. స్టాఫ్ రూములో ఆమె అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి. రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసే కెమిస్ట్రీ సార్ క్యారియర్ పట్టుకుని కిటికీ పక్క బల్లకు మారిపోయాడు. చూసీ చూడనట్టు వేసెయ్యాల్సిందని ఒకసారి గొంతు తగ్గించి సలహా ఇచ్చి, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసుకున్నాడు పాపం.

అసలే ఒంటికాయ శొంఠికొమ్ము మనిషి. ఇంటికెళ్తే అక్కడా కుక్కర్ విజిల్ తప్ప పలకరించే గొంతు లేదు. ఇన్నేళ్లూ ఆ లోటు కాలేజీలో తీరిపోయేది. ఇప్పుడు అదీ లేదు. తాళం తీస్తుంటే ఏడుపొచ్చేది. ఆరు మార్కుల కోసం ఇంత వెలి అవసరమా అనిపించి, శుక్రవారం ఎర్ర పెన్ను తీసి కూర్చుంది కూడా. పేపరు మళ్లీ మొదటి నుంచి చదివింది. మళ్లీ ఇరవై తొమ్మిదే వచ్చింది.

శనివారం ఆమెకు క్లాసులు లేవు. ఇంట్లో ఉంటే దాక్కున్నట్టుంటుందని వచ్చింది. వరండాలు ఖాళీ. గంట కొట్టే మనిషితో సహా అందరూ మైదానంలోనే ఉన్నారు. కేకలు మాత్రం కిటికీలోంచి అలలు అలలుగా వస్తున్నాయి.

"రావచ్చా మేడమ్?"

గుమ్మంలో కెప్టెన్. కాళ్లకు ఆట బూట్లున్నాయి, ఒంటి మీద జట్టు బనియన్ లేదు. ఆమె పేపరున్న సంచిని దగ్గరికి లాక్కుంది. బెదిరిస్తే తట్టుకోగలదు. బతిమాలితే తట్టుకోగలదో లేదో ఆమెకే నమ్మకం లేదు.

ఆ రెండూ చెయ్యలేదు అతను. ఎక్కడెక్కడ తప్పు రాశాడో చూపించమన్నాడు. కెమిస్ట్రీ సార్ కుర్చీ లాక్కొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఈ వారంలో ఆమె ఎదుట ఒక మనిషి కూర్చోవడం అదే మొదటిసారి. ఆమె పేపరు తీసి బల్ల మీద పెట్టింది.

ఒక్కో పేజీ తిప్పి చెప్పింది. చచ్చిపోయినవాడు సంతకం ఎలా పెడతాడని అడిగితే నాలుక్కరుచుకున్నాడు. అంతలో మైదానంలో గోల లేచింది. కేక విని ఎవరిదో పోల్చుకున్నాడు.

"అవతలి జట్టు గోల్ వేసింది మేడమ్," అన్నాడు. పిడికిలి బిగిసింది. కానీ పేజీ తిప్పాడు.

ఆ పిడికిలి చూశాక ఆమె ఉండబట్టలేకపోయింది. "మిగతా ఐదింట్లో అరవైలు తెచ్చుకున్నావు కదా. నా సబ్జెక్టు ఏం పాపం చేసింది? వాటికి చదివినట్టే దీనికీ చదివి ఉంటే ఈపాటికి అక్కడ ఆడుతుండేవాడివి."

అతను బూట్ల వంక చూస్తూ చెప్పాడు.

"మిగతా ఐదూ తెల్లకాగితాలే ఇచ్చాను మేడమ్. చదివేది మీరొక్కరేనని, మీదొక్కటే రాశాను."