గేటుకు అడ్డంగా కారు

“కారు తియ్యను. ఏం చేసుకుంటారో చేసుకోండి,” అన్నాడు ఇంటాయన, గేటుకు అడ్డంగా పెట్టిన కారుమీద చరుస్తూ.

గేటు లోపల పాత వ్యాను గురగురమంటోంది. దాని తలుపు పట్టుకుని మెకానిక్ నిలబడ్డాడు. పక్కన కొత్త పెళ్ళికూతురు. పెళ్ళై ఇంకా నెల తిరగలేదు. ఇవాళ ఆమెకి డ్రైవింగు పరీక్ష. పాసైతే ఆ వ్యానులో టీ అమ్ముకోవాలని ఇద్దరి కోరిక. మెకానిక్‌కి ఒక కన్ను సరిగా ఆనదు, కాబట్టి బండి నడపాల్సింది ఆమే. ఈ పరీక్ష తప్పితే ఫ్యాక్టరీ ముందు ఇస్తామన్న చోటు ఇంకొకళ్ళకి పోతుంది. డ్రైవింగు మాస్టారు సందు చివర ఎదురుచూస్తున్నాడు.

“వద్దు మొర్రో అంటుంటే రిజిస్ట్రాఫీసులో సంతకాలు పెట్టేసి వచ్చారు,” ఇంటాయన గొంతు పెంచాడు. “నలుగురూ నవ్వారు. సరే, ఏడవండని పైగది ఇచ్చాను. ఇప్పుడు రోడ్డెక్కి టీ అమ్ముతారా? ఈ వయసులో ఇంటిపట్టున కుదురుగా ఉండక ఇదేం పోయేకాలం?”

“మీ ఇల్లు, మీ ఇష్టం. కారు తియ్యండి, మేం పోతాం,” అన్నాడు మెకానిక్.

“ఆయనగారిని నాతో మాట్లాడొద్దని చెప్పు! మగాడు టీ కాస్తాడట, ఆడది బండి తోలుతుందట!”

“స్టీరింగు నాది, స్టవ్వు ఆయనది. మేం పంచుకున్నాం. మధ్యలో ఎవరికేం నొప్పి?” అందామె.

ఇంటావిడ ఆఫీసు బ్యాగు తగిలించుకుని, పాలసీసాతో బయటికొచ్చింది. కోపమొస్తే ఆవిడ మనుషులతో మాట్లాడదు, చేతిలో ఏదుంటే దానితో మాట్లాడుతుంది.

“చూశావా,” అంది సీసాతో, “బాబుకి నిన్ను ఎవరు పడతారు? వంటెవరు చేస్తారు? వాళ్ళ టీ కోసం నేను ప్రమోషను వదులుకోవాలి కాబోలు!”

“మీకుంటే ఆశయం, మాకుంటే కొవ్వు!” అంది పెళ్ళికూతురు.

ఆ ఇంట్లో అందరి ఆశయాలకీ పొద్దున్నే క్యారియరు కట్టిచ్చేది ఆమే. జీతమడగని పనిమనిషికి కోరిక పుడితే ఎవరికైనా కడుపు మండుతుంది మరి.

“తిండి పెట్టి నీడనిస్తే ఇదా విశ్వాసం?” అన్నాడు ఇంటాయన.

“ఆ తిండి వండిందెవరు?”

మెకానిక్ ఆమె భుజం మీద చెయ్యేశాడు.

“పోనీలే. పొద్దున్నే గొడవెందుకు? పరీక్ష మరోసారి ఇద్దువుగాని.”

ఆమె చెయ్యి విదిలించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఏడుపు నీళ్ళు కావు.

“మీరూ వీళ్ళలో కలిసిపోయారా? పెళ్ళినాడు నాకేం చెప్పారు? ‘నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుంటా’ అన్నారుగా. మరి కూర్చోండి!”

మెకానిక్ వ్యానెక్కాడు.

ఆమె విసురుగా వెళ్ళి ఇంటాయన చేతిలోంచి కారు తాళాలు లాక్కుంది. అతను తేరుకునేలోగా కారు వెనక్కి కదిలింది. ఒకవైపు గోడ, ఇంకోవైపు కరెంటు స్తంభం, మధ్యలో జానెడు సందు.

“గీత పడుతుంది! గీత పడుతుంది!” అని ఇంటాయన గెంతాడు.

పడలేదు. కారుని గోడవారగా ఆపి, తాళాలు అతని కాళ్ళ దగ్గర పడేసి, ఆమె వ్యాను స్టీరింగు ముందు కూర్చుంది. వ్యాను గేటు దాటింది. ఇంట్లో బాబు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఇంటాయన చెప్పులు జారిపోతున్నా పట్టించుకోకుండా వ్యాను వెంట పరిగెత్తాడు.

“ఆగవే అమ్మా!” అని అరిచాడు ఆమె ఒక్కగానొక్క కొడుకు.