నిమిషం దాటని మాట

"ఆసుపత్రి సైటు మళ్ళీ తిప్పి పంపింది వదినా. నిమిషం దాటిన వీడియో తీసుకోదట," అని మరిది ఫోన్ చూపించాడు.

పక్షవాతంతో మాట పడిపోయిన ఆమె భర్త మంచం మీద చెమటతో తడిసిపోయి ఉన్నాడు. పోయిన మాటను తిరిగి నేర్పే ఆసుపత్రిలో చేరాలంటే, మాట ఎందుకు కావాలో రోగే స్వయంగా చెప్పిన వీడియోను సాయంత్రంలోగా పంపాలి. గడువు దాటితే ఆ చోటు వేరొకరిది.

"ఎక్కడో ఒకచోట కత్తిరించవయ్యా!"

"ఎక్కడని కత్తిరించను? అన్నయ్య మాట ఎక్కడుంది ఇందులో? నువ్వే విను."

ఆమె విన్నది. "దర్జీ కొట్టు తెరవాలి అనండి... కొ... కొట్టు... అయ్యో, త్వరగా!" అంతా ఆమె గొంతే. ఆయన పెదవి కదిపిన ప్రతిసారీ ఆమె మాట అందిస్తున్నది. అందించిన ప్రతిసారీ ఆయన వెతికి పట్టుకున్నది జారిపోయి, కథ మళ్ళీ మొదటికి వస్తున్నది.

"నేనే అడ్డం పడుతున్నానా? ముందే చెప్పొచ్చుగా!"

"నీ నోటికి తాళం వేసే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది వదినా?"

ఆమె అరచేత్తో నోరు మూసుకుని గోడవారగా నిలబడింది. మరిది ఫోన్‌లో మళ్ళీ వీడియో మొదలుపెట్టాడు. ఆయన పెదవులు మాట కోసం వెతుకుతున్నాయి. ఉన్న కాస్త సమయమూ వృథాగా పోతున్నదనిపించి, ఆమె ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

"మా... ఆవిడతో..." అన్నాడాయన. ఆమె నేర్పిన వాక్యం అది కాదు. "పోట్లా... డాలి."

మరిది ఠక్కున ఆపాడు. నిమిషం ఇంకా నిండలేదు.

"కొట్టు ఊసే ఎత్తలేదు వదినా! మళ్ళీ తీయనా, పంపేయనా?"

నోటి మీద చేయి తీయకుండానే, ఆమె పంపమని తల ఊపింది.