ఐదు వందల పదహారు అంగుళాలు

"ఇది నీళ్ల ట్యాంకా?" అని అడిగాడు టౌన్ ప్లానింగ్ ఆఫీసర్ ప్రేమ్‌సాగర్, మూడో అంతస్తు మధ్యలో నిలబడి.

"ట్యాంకే సార్," అన్నాడు ఇంటి యజమాని నరేందర్.

"మరి కిటికీలెందుకు?"

"నీళ్లకు గాలాడాలె గద సార్."

"దర్వాజ?"

నరేందర్ మేస్త్రీ సాయన్న వైపు చూశాడు.

"కడగాలంటే లోపటికి పోవాలె గద సార్," అన్నాడు సాయన్న.

ప్రేమ్‌సాగర్ గోడలో బిగించిన స్విచ్చుబోర్డు పెట్టెను వేలితో తట్టి చూశాడు. కోరుట్లలో ఆ సందుకు పది మీటర్ల ఎత్తే, అంటే దాదాపు ముప్పై మూడు అడుగులే హద్దు. కింది ఇల్లు, పైన రెండంతస్తులతోనే అది నిండిపోయింది. మూడోదానికి గోడలు లేచిన వారానికే ఆఫీసుకు పేరు లేని పిటిషన్ వచ్చింది.

"చూడు, ఎత్తు ఐదు వందల పదహారు అంగుళాలని రాసిండ్రు. పెండ్లిల కట్నం చదివిచ్చినట్టు," అన్నాడు ఆఫీసర్ ఆ కాగితం తీసి.

టేపు పట్టి చూస్తే సరిగ్గా నలభై మూడు అడుగులు. ఫోన్లో లెక్క వేసుకుని ప్రేమ్‌సాగర్ తల ఊపాడు. అంగుళం కూడా తేడా లేదు. పదిహేను రోజుల్లో గోడలు తీసేయాలని చెప్పి మెట్లు దిగాడు.

కింద ముందుగదిలో నరేందర్ భార్య కల్పన ఎవరికో రవిక కొలతలు తీసుకుంటోంది. మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చి ఆఫీసరుకు ఛాయ్ ఇచ్చింది. ఆయన వెళ్లగానే అత్త కొమురమ్మ ఎత్తుకుంది. పిటిషన్ పెట్టినవాడి చేతులు పడిపోవాలని వీధి వినేలా తిట్టింది.

"చేతుల జోలికి పోకు అత్తమ్మా, పాపం తగుల్తది," అంది కల్పన.

నరేందర్‌కు ఆ అంతస్తు మీదే పానం. మస్కట్‌కు మొదటిసారి పోయిన రెండేళ్లలో కింది ఇల్లు కట్టాడు. రెండోసారి పోయి మొదటి అంతస్తు, మూడోసారి పోయి రెండోది. ఈ సెలవులో మూడోదానికి గోడలు లేపాడు. స్లాబు కోసం ఇంకో రెండేళ్లు పోవాలి. ఇరవయ్యో తారీకుకు టికెట్ కూడా తీశాడు. ఇంత తాపత్రయం ఎందుకంటే, ఎదురుగా చిన్నాయన కొడుకు రమేశ్ ఇల్లు ఉంది. అది కూడా సరిగ్గా పది మీటర్లే. తమ్ముడి ఇల్లూ తన ఇల్లూ ఒక్క ఎత్తున ఉంటే నరేందర్‌కు బువ్వ దిగదు. మొగుడి ఆరాటం చూసి కల్పన, ఈ అంతస్తు సంగతి మంచిగా తేలితే వేములవాడ రాజన్నకు కోడె కడతానని మొక్కుకుంది.

పిటిషన్ ఎవరిదన్నది సాయన్నే తేల్చాడు. మేస్త్రీలు అడుగుల్లో కొలుస్తారు, ఆఫీసర్లు మీటర్లలో. ఇల్లంతా అంగుళాల్లో చెప్పేది తలుపులు చేసేవాళ్లేనన్నాడు. రమేశ్‌ది తలుపుల దుకాణమే.

నరేందర్ వీధిలోకి వెళ్లి నిలదీశాడు. రమేశ్ అన్నీ విన్నాడు.

"అన్నా, నీ మూడో అంతస్తుకు ఆరు తలుపులు నాకే చెప్పినవ్. చేసి పెట్టిన. అంతస్తు కూలగొట్టిస్తే వాటిని నా నెత్తికి పెట్టుకోవాల్నా?"

మాట న్యాయంగానే ఉంది గానీ నరేందర్ నమ్మలేదు. పైగా పంతం పెరిగింది. పై నుంచి తగ్గించకపోతే కింది నుంచి తగ్గించవచ్చని అతనికి తోచింది. మర్నాటి నుంచి ట్రాక్టర్లతో మొరం మట్టి తెప్పించి ఇంటి చుట్టూ పోయించాడు. కింది కిటికీలు మూసుకుపోయాయి. గేటు తెరుచుకోవడం మానేసింది. రవికల కోసం వచ్చే ఆడవాళ్లు బావిలోకి దిగినట్టు ముందుగదిలోకి దిగుతున్నారు. కొమురమ్మ ఒకసారి దిగి, పైకి ఎక్కలేక రెండు రోజులు లోపలే ఉండిపోయింది.

గడువు నాటికి ప్రేమ్‌సాగర్ వచ్చి మొరం గుట్ట మీద నిలబడ్డాడు.

"కిందిది అంతస్తు కాదు సార్. సెల్లారు. ఇప్పుడు కొలువున్రి," అన్నాడు నరేందర్.

ప్రేమ్‌సాగర్ జేబులోంచి రెండో పిటిషన్ తీసి చదివాడు: "మొరం పోసి మోసం చేస్తున్నరు. కొలత రోడ్డు మట్టం కాడికెళ్లి పైకి పట్టాలె. ఐదు వందల పదహారే ఉన్నది."

రెండు రోజుల్లో మున్సిపాలిటీ వాళ్లు గోడలు కూల్చేశారు. కూలిన ఇటుకల మధ్య తలపట్టుకుని కూర్చున్న నరేందర్ దగ్గరికి రమేశే వచ్చాడు.

"నీ ఆరు తలుపులు అట్లనే ఉన్నయన్నా. దుకాణంల కూసో. నువ్వే అమ్ము. నాకు గూడ ఒక నమ్మకమైన మనిషి కావాలె."

నరేందర్ ఎదురింటి పిట్టగోడను, తన పిట్టగోడను చూశాడు. రెండూ ఒక్క గీతలో ఉన్నాయి. తర్వాత మస్కట్‌కు ఫోన్ చేసి రావడం లేదని చెప్పేశాడు.

"ఇంక కట్టేదేమున్నది? మీదున్న ఆకాశం గూడ మనది కాదట," అన్నాడు భార్యతో.

ఆదివారం వేములవాడ పోవాలి, కోడె మొక్కు చెల్లించాలి అంది కల్పన.

"అంతస్తే పాయె, ఇంక మొక్కెందుకే?"

"దేవునితోటి బేరం చేస్తరా?" అంటూ ఆమె ముందుగదిలోకి వెళ్లింది.

మెడలోని అంగుళాల టేపు తీసి చుట్టి, కుట్టు మిషన్ సొరుగులో రాసి ఉంచుకున్న మూడో పిటిషన్ మీద పెట్టింది.