డిజైనర్ని కాదు

కొట్టు తలుపు గంట మోగగానే వెర్నీస్ గిలరీ చేతిలోని కత్తెర కింద పెట్టేసింది.

వచ్చింది ఒక ముసలామె. ఈ వీధిలో ఎన్నడూ చూసిన ముఖం కాదు. సముద్రపు ఉక్కలో కూడా కోటు విప్పలేదు.

కర్టెన్ల మధ్య మెల్లగా తిరిగింది. ఒక అంచు తిప్పి లోపలి కుట్టును వేలితో తడిమింది.

కొనడానికి వచ్చిన మనిషి ముందు ధర అడుగుతుంది. ఈమె అడగలేదు.

సర్టిఫికెట్లిచ్చే సర్కారు బోర్డు మనిషే అనుకుంది వెర్నీస్.

ఆ రాష్ట్రం చట్టం అలాంటిది. ఇళ్లు ఎవరైనా సర్దొచ్చు. బడి, ఆస్పత్రి, ఆఫీసు లోపల చెయ్యి పెట్టాలంటే మాత్రం సర్టిఫికెట్ ఉండాలి. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రాయాలి. పరీక్ష రాయాలంటే సర్టిఫికెట్ ఉన్నవాళ్ల చేతికింద ముందు పనిచేసి ఉండాలి. వాళ్లేమో గుమ్మం ఎక్కనివ్వరు. కుర్చీ ఏ గోడకు వెయ్యాలో చెప్పడానికి కూడా సర్కారు ముద్ర కావాలట. ముద్ర లేనివాళ్లు "ఇంటీరియర్ డిజైనర్" అనే మాట నోటితో అన్నా జరిమానాయే.

బోర్డు వాళ్లు కొనేవాళ్లలా వచ్చి మాట లాగుతారని ఊళ్లో పుకారు. అందుకే కొత్త ముఖం కనబడితే చాలు, ఈ పని చేసేవాళ్లంతా ఒకటే పాట పాడేవారు.

"అమ్మాయ్, నువ్వు ఇంటీరియర్ డిజైనర్‌వా?" అని అడిగింది ముసలామె.

"కాదండీ. కర్టెన్లు కుడతాను."

"ఊరంతా నిన్ను అలాగే అంటోందే."

"ఊరికేమండీ, నోరుంది. రేపు నన్ను గవర్నర్ అన్నా అంటుంది."

ముసలామె నవ్వింది. కానీ కదల్లేదు.

"ప్రొస్పేర్ ఇంటికి వెళ్లొచ్చాను. కళ్లు లేని మనిషి. చేతికర్ర లేకుండా వంటింట్లోంచి వరండా దాకా నడిచొచ్చి నా చేతికి కాఫీ అందించాడు. ఆ ఇల్లు సర్దింది నువ్వే కదూ?"

వెర్నీస్ జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ గొప్ప పని అది. కళ్లకు గంతలు కట్టుకుని ఆ ఇంట్లో తడుముకుంటూ తిరిగి, మోకాలికి తగిలిన ప్రతి బల్లనూ జరిపింది. అవును నేనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేసింది. సర్దడం నేరం కాదు, దాన్ని డిజైన్ అని ఒప్పుకోవడం నేరం.

"నేను కర్టెన్లు వేశానంతే. మిగతాదంతా ఆయన మేనల్లుడు సర్దాడు."

"మేనల్లుడా?"

"అవునండీ. వెళ్లి అతన్నే అడగండి."

ముసలామె ఒక అడుగు దగ్గరికి వచ్చింది.

"ఇంకొక్కసారి అడుగుతాను. డిజైనర్‌వి కాదంటావా?"

"కాదంటాను. భోజనానికి కొట్టు మూసే వేళైంది."

ఇంకా పదకొండు కూడా కాలేదు. ముసలామె వెళ్లిపోయింది.

పక్కనే జుట్టు దువ్వే దుకాణం నడిపే ఓనెల్‌కు వెర్నీస్ ఆ సంగతంతా గొప్పగా చెప్పుకుంది. ఓనెల్ కడుపుబ్బా నవ్వింది. కానీ వెర్నీస్‌కు ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నిలవనివ్వని బెంగ ఆమెకొకటి ఉంది.

పాత ఐసు ఫ్యాక్టరీలో మంత్రసాని లూసెట్ కాన్పుల ఆస్పత్రి పెడుతోంది. గదులన్నీ వెర్నీస్ చేతనే చేయించాలని ఆమె పట్టు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లెవరైనా పైన నిలబడితే చాలు, శుక్రవారంలోగా వెతుక్కో, లేకపోతే పట్నం కంపెనీకి ఇచ్చెయ్యక తప్పదు అంది.

నొప్పులు పడే మనిషి కంట్లో దీపం పడకూడదు. తల్లి మంచం మీదినుంచే బిడ్డ తొట్టి అందాలి. నడవాల్సి వస్తే పట్టుకోవడానికి గోడ పొడుగునా ఊతం ఉండాలి. వెర్నీస్ బుర్రలో ఆ ఆస్పత్రి ఎప్పుడో కట్టడం అయిపోయింది. పక్క మీద పడుకున్నా అందులోనే తిరుగుతోంది.

ఫోన్ల మీద ఫోన్లు చేసింది. ఒకాయన పేరు కూడా అడక్కుండా పెట్టేశాడు. ఒకామె, మీలాంటివాళ్లను తీసుకోవడం మొదలుపెడితే మా చదువులెందుకు అంది.

సాయంత్రం ఓనెల్ పరుగున వచ్చింది.

"ఒసే, నీ గూఢచారి ముసల్ది రోషెల్ కొట్టుకి కూడా పోయిందట."

రోషెల్ వెనక వీధిలో గోడ కాగితాలు అంటించే పిల్ల. పొగరు ఎక్కువ.

"ఏమందట మన మహారాణి?"

"ఔను డిజైనర్నే, ఏం చేసుకుంటావో చేసుకో అందట."

"అయితే మునిగిందిలే" అంది వెర్నీస్. జాలిపడాల్సింది పోయి కాస్త సంబరపడింది కూడా.

శుక్రవారం ఎవరూ దొరకలేదని చెప్పడానికి ఐసు ఫ్యాక్టరీకి వెళ్లింది. దారి పొడుగునా తనలో తనే పోట్లాడుకుంటూ నడిచింది.

లోపల రోషెల్ నిచ్చెనెక్కి కిటికీ కొలుస్తోంది.

లూసెట్ వెర్నీస్‌ను చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లింది. తల ఎత్తి చూడలేకపోయింది.

"ఆ పెద్దావిణ్ని నీ దగ్గరికి పంపింది నేనే" అంది.

"బోర్డు మనిషినా?"

"ఏం బోర్డే? నీకు ముందే చెప్తానంటే వద్దంది. అడిగితే ఔననే ధైర్యం ఉండాలి, ఆ ఒక్కటీ ఉంటే మిగతాది నేను చూసుకుంటానంది. నువ్వు కాదన్నావని వచ్చి చెప్పి, ఆ కుర్చీలో చాలాసేపు కూర్చుండిపోయింది. తన వయసుకు ఒక్కరికి మించి నేర్పలేనని రోషెల్ దగ్గరికి వెళ్లింది."

"ఎవరే ఆవిడ?"

"ఈ తీరంలో మొట్టమొదట సర్టిఫికెట్ తెచ్చుకున్న మనిషే. ఎప్పుడో పని మానేసి ఇంట్లో కూర్చున్నదల్లా, ప్రొస్పేర్ ఇల్లు చూశాక నిన్ను పరీక్షకు కూర్చోబెట్టాలనే మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకుంది."